సంకటి మీద నీలి జున్ను

ఇటలీ అనగానే మనలో చాలామందికి రోమా పట్టణమే జ్ఞాపకం వస్తుంది. ఆదివార పాఠశాల నాటి నుండి విన్న పేరు గదా! అయితే రోమాకు ఉత్తరంగా, వేగంగా పోయే రైలులో మూడు గంటలు ప్రయాణం చేస్తే మిలాన్ అనే మహా పట్టణం వస్తుంది. అక్కడి నుండి పడమరగా మరో యాభై కిలోమీటర్లు పోతే నొవారా. ఏప్రిల్ నెలాఖరున ఆ దారిన పోయే మన తెలుగువారెవరైనా ఇది ఇటలీయా, మన గోదావరి డెల్టాయా అని ఒక్క నిమిషం సందేహపడక మానరు. రోడ్డుకు రెండు ప్రక్కలా నీరు పెట్టిన వరిమడులు, గట్లు, పంట కాలువలు, మడుల్లో కొంగలు. తేడా ఎక్కడంటే, ఆ నీటిలో నీడ పడేది కొబ్బరిచెట్లది కాదు, మంచు కప్పిన మోంటె రోజా పర్వతానిది. దాని ఎత్తు 4,634 మీటర్లు.

మా తమ్ముని కుమార్తె, అల్లుడు మిలానులో ఉద్యోగం చేస్తున్నారు. వారి ఇంట కొన్ని దినాలు ఉండి, ఆ ప్రాంతానికి పేరు తెచ్చిన ఒక జున్నును ఎలా చేస్తారో, ఎలా వండుతారో, అతిథికి ఎలా వడ్డిస్తారో చూచి వచ్చాము. దాని పేరు గోర్గోంజోలా.

ముందుగా ఒక మాట. మన ఇళ్లలో జున్ను అంటే ఈనిన ఆవు లేక గేదె తొలిపాలలో బెల్లం, మిరియాలు వేసి ఉడికించినది. ఇది అది కాదు. పాలను విరగ్గొట్టి, నీరు వార్చి, ఉప్పు పట్టించి, వారాల తరబడి మాగబెట్టిన గడ్డ ఇది. పట్టణాల్లో చీజు అంటున్నారు. అయితే దావీదు తన అన్నలున్న దండుకు తీసికొని పోయిన పదింటిని మన తెలుగు బైబిలు జున్నుగడ్డలనే పిలిచింది గనుక మేమూ ఆ మాటనే వాడుతున్నాము.

గోర్గోంజోలాను కోస్తే లోపల మీగడ రంగులో మెత్తగా ఉంటుంది. ఆ తెలుపులో నీలం, ఆకుపచ్చ కలిసిన చారలు చెట్టు వేళ్లలాగా పారి ఉంటాయి. ఆ చారలు బూజు! కావాలని పెంచిన బూజు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి పికాంతె, అంటే ఘాటైనది. ఇది కనీసం 80 దినాలు మాగుతుంది, గట్టిగా, పొడిపొడిగా ఉంటుంది. రెండవది దోల్చె. ఆ మాటకు తీపి అని అర్థమేగాని అందులో పంచదార ఉండదు. ఘాటు తక్కువ అని భావం. 50 దినాలు దాటితే తినడానికి సిద్ధమవుతుంది. చెంచాతో తీసికొనేంత మెత్తగా, వెన్నకూ మీగడకూ మధ్యస్థంగా ఉంటుంది. క్రొత్తగా రుచి చూచేవారు దోల్చెతోనే మొదలుపెట్టాలి. మా వ్యాసమంతా దానిని గూర్చే.

గోర్గోంజోలా అన్నది అసలు ఒక ఊరి పేరు. మిలానుకు తూర్పున ఉన్నది. మిలాను మెట్రోలో ఆకుపచ్చ గీత రైలు ఎక్కితే ఆ ఊరి స్టేషనులోనే దిగవచ్చు. మార్తెసానా అనే పాత కాలువ ఊరి మధ్యగా పారుతుంది. పూర్వం వేసవి అంతా ఆల్ప్స్ కొండలపై మేసిన మందలు చలికి ముందు మైదానానికి దిగివచ్చేవి. నడిచి నడిచి అలసిన ఆవులు అక్కడ ఆగేవి. అలసిన అనడానికి అక్కడి మాట స్ట్రాకా. అందుచేత వాటి పాలతో చేసిన జున్నును స్ట్రాకినో అన్నారు. ఒక్కసారిగా అన్ని పాలు వచ్చిపడితే తాగి తీర్చలేరు, అమ్మి తీర్చలేరు. జున్ను చేసి దాచడమే దారి. సాయంకాలపు విరుగును అలాగే ఉంచి, ఉదయపు విరుగును దానితో పొరలుగా కలిపేవారు. ఆ సందులలో గాలి నిలిచి బూజు పుట్టేది. ప్రియురాలి కొరకు వెళ్లి పని మరచిన ఒక పాలేరు కథ కూడా ఆ ఊళ్లో చెబుతారు. అలాంటి కథ లేని జున్ను ఐరోపాలో అరుదు!

ఇప్పుడు ఎక్కువ భాగం తయారయ్యేది ఆ ఊళ్లో కాదు, నొవారా జిల్లాలో. చేసేవారి సంఘం 1970లో ఏర్పడింది, దాని కార్యాలయం నొవారాలోనే ఉన్నది. 1996 నుండి ఐరోపా చట్టం ఆ పేరును కాపాడుతున్నది. లంబార్డీ, పీడ్‌మాంట్ ప్రాంతాలలో నిర్ణయించిన జిల్లాల పాలతో, ఆ జిల్లాల్లోనే చేసినదానికి తప్ప మరి దేనికీ ఆ పేరు పెట్టకూడదు. ఆ పాల జిల్లాల్లో క్రెమోనా, బ్రెషా కూడా ఉన్నాయి. అక్కడి పశువుల కొట్టాల్లో పాలు పితికే పనిలో పంజాబు నుండి వెళ్లిన సిక్కు సోదరులు ఎందరో ఉన్నారు. క్రెమోనా జిల్లాలోని పెస్సీనా అనే ఊళ్లో 2011లో పెద్ద గురుద్వారా కూడా కట్టుకున్నారు. తెల్లవారకముందే లేచి చేసే ఆ పనికి అక్కడి యువకులు రావడం తగ్గిపోయింది. ఇటలీ జున్ను వెనుక మన దేశపు చేతులున్నాయని విని మేము ఆశ్చర్యపడ్డాము.

జున్ను చేసే చోటు చూచాము. పాలను పాశ్చరైజు చేసి, సుమారు 30 డిగ్రీల వేడి మీద తోడు, బూజు విత్తనం, దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్ కలుపుతారు. విరిగిన గడ్డను అక్రోటు కాయలంత ముక్కలుగా కోసి గుండ్రని మూసలలో పోస్తారు. సుమారు 100 లీటర్ల పాలకు 12 కిలోల చక్రం ఒకటి వస్తుంది. తరువాత దానిని 20 డిగ్రీలు దాటిన వెచ్చని గదిలో పెట్టి, కొన్ని దినాల పాటు పొడి ఉప్పు రుద్దుతారు. ఆ గదికి వారు పెట్టుకున్న ముద్దు పేరు పుర్గతోరియో! చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే చోటని రోమను కతోలికులు చెప్పే స్థలం పేరు అది. ఆ సిద్ధాంతాన్ని మన సంఘాలు ఒప్పుకోకపోయినా, జున్నుకు మాత్రం అది తప్పదని నవ్వుకున్నాము. అక్కడి నుండి చల్లని గదికి మారుస్తారు. మూడు నాలుగు వారాలు గడిచాక పొడుగాటి లోహపు సూదులతో చక్రాన్ని పై నుండి, క్రింది నుండి పొడుస్తారు. ఆ రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. గాలి తగిలిన చోటనే బూజు నీలంగా పెరుగుతుంది. చారలు ఎందుకు సూటిగా నిలువుగా ఉంటాయో అప్పుడు మాకు అర్థమైంది.

ఇక వంటకు వద్దాము. మా వాళ్ల పొరుగింట ఒక అవ్వ ఉన్నది, నొవారా పల్లెల్లో పుట్టి పెరిగినది. ఆమె మాకు మొదట చేసిపెట్టినది పొలెంటా. అది మన సంకటికి తోబుట్టువే. రవ్వలా విసిరిన మొక్కజొన్న పిండి 250 గ్రాములు, నీళ్లు 1 లీటరు, ఉప్పు. మరిగే నీళ్లలో పిండిని సన్నని ధారగా పోస్తూ, ఉండ కట్టకుండా తిప్పుతూ, సన్న సెగ మీద 40 నిమిషాలకు తగ్గకుండా ఉడికించాలి. తెడ్డు, పట్టుకొన్న తీరు, చెమట, అన్నీ మన రాయలసీమ వంటిళ్లలో లాగానే. ఉడికిన దానిని చెక్క పీట మీద కుమ్మరించి, మధ్యలో గుంట చేసి, మనిషికి 40 గ్రాముల చొప్పున గోర్గోంజోలా దోల్చె అందులో పెట్టింది. వేడికి అది దానంతట అదే కరిగి పారింది. వేరే కూర లేదు. మొదటి ముద్దకు వాసన కొంచెం ఎదురు తిరిగింది. రెండవ ముద్దకు ఉప్పగా, మీగడలాగా, చివరలో చిన్న చేదు. మూడవ ముద్ద తరువాత ఎవరూ మాట్లాడలేదు.

తింటుండగా ఆమె చెప్పిన సంగతి ఇది. వారి ముత్తాతల కాలంలో పొలెంటా ఉండేది గాని జున్ను ఉండేది కాదు. ఇంట్లో చేసిన జున్ను సంతకు పోయేది, పాలు దొర ఇంటికి పోయేవి. కొన్ని ఇళ్లలో దూలానికి ఒక ఉప్పుచేపను దారంతో వేలాడదీసి, ప్రతివారూ తమ పొలెంటా ముక్కను దానికి రుద్దుకొని తినేవారట. చేప మాత్రం అలాగే ఉండేది.

అది వట్టి పేదరికపు కథ కాదు. ఉత్తర ఇటలీ పల్లెల్లో రెండు శతాబ్దాలు వేలాది కుటుంబాలను పాడుచేసిన వ్యాధి కథ. మొదట వసంతకాలపు ఎండకు మెడ మీద, చేతుల మీద చర్మం ఎర్రబడి, పెచ్చులు కట్టేది. తరువాత విరేచనాలు. ఆ తరువాత మతి చలించేది. చివరకు మరణం. 1771లో మిలాను వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపొల్లి దానిని పెల్లాగ్రా అని వ్రాశాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం. పొలెంటాయే ఆహారంగా బ్రతికేవారికి అది వచ్చేది. చెసరె లొంబ్రోసో అనే ప్రసిద్ధ వైద్యుడు దానికి కారణం బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమని ఏండ్ల తరబడి వాదించాడు. 1902లో ఇటలీ ప్రభుత్వం చేసిన చట్టం కూడా చెడిన మొక్కజొన్న అమ్మకాన్ని నిషేధించింది. గింజలో దోషం వెదకినవారు ఎక్కువ. గింజ ప్రక్కన ఏమి లేదో చూచినవారు తక్కువ.

ఆహార లోపమే కారణమని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 తరువాత నిరూపించాడు. 1937లో ఆ లోపం నియాసిన్ అనే బి విటమినుదని తేలింది. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ మన ఒంటికి అందని రూపంలో ఉంటుంది. మెక్సికో ప్రజలు అనాదిగా గింజను సున్నపు నీటిలో ఉడికించి ఆ చిక్కు తీర్చుకున్నారు. ఐరోపావారు గింజను తెచ్చుకున్నారు, సున్నాన్ని అక్కడే వదలివచ్చారు. పాలలోను, జున్నులోను నియాసిన్ ఎక్కువ ఉండదు గాని ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. దాని నుండి మన శరీరం నియాసిన్ తయారు చేసికొంటుంది. అంటే దినదినం పొలెంటా మీద కాస్త జున్ను, ప్రక్కన గిన్నెడు పాలు పడి ఉంటే ఆ ఇళ్లలో ఎందరో బ్రతికి ఉండేవారు. ఆ జున్నును చేసినది ఆ ఇంటివారే!

మనకు ఇది పరాయి కథ కాదు. మన దక్కను పీఠభూమిలో జొన్నే ప్రధానంగా తిని బ్రతికిన నిరుపేదలలో ఇదే వ్యాధి కనబడింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్.జి. శ్రీకంఠయ్య దానిని పరిశోధించి, జొన్నలో లూసిన్ అధికంగా ఉండడం ఒక కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ సంస్థే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అయింది. సంకటిలో తప్పు లేదు. సంకటి ప్రక్కన పప్పు, మజ్జిగ, గ్రుడ్డు, చేప, వేరుసెనగ పచ్చడి ఏదో ఒకటి లేకపోవడంలోనే ఉన్నది.

ఇక్కడ తల్లులకు ఒక హెచ్చరిక. ఇటలీవారు బూజు తింటున్నారు గదా అని మన ఇంట రొట్టె మీద, పచ్చడి మీద, వేరుసెనగ గింజల మీద పట్టిన బూజును గీకి పిల్లలకు పెట్టకూడదు. జున్నులోనిది పెనిసిలియం రోక్‌ఫోర్టి అని ఎంచి, పెంచి, శుభ్రమైన పాలలో వేసిన బూజు. మన గాదెలో తడి తగిలి పుట్టేది ఏదో ఎవరికీ చెప్పి రాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని, అఫ్లాటాక్సిన్ విషం వలన కాలేయం చెడి వందమందికి పైగా మరణించారు. ఆ మరణాలను పరిశోధించినది కూడా మన హైదరాబాదు సంస్థవారే.

అవ్వ రెండవ దినాన వరి వంట చేసింది. దానిని రిజోత్తో అంటారు. నొవారా, వెర్చెల్లీ మడుల బియ్యం పొట్టిగా, లావుగా, గంజి ఎక్కువగా ఉంటుంది. ఆ గంజే వంటకు ప్రాణం గనుక బియ్యాన్ని కడగరాదు. మన ఆడవారికి చేతులు ఊరుకోవు, మూడుసార్లు కడిగితేగాని మనసు ఒప్పదు! నలుగురికి 300 గ్రాముల బియ్యం. ఒక చిన్న ఉల్లిపాయను సన్నగా తరిగి వెన్నలో మెత్తబడనిచ్చి, బియ్యం వేసి రెండు నిమిషాలు వేయించాలి. తరువాత కూరగాయలు ఉడికించిన వేడి నీటిని గరిటెడు గరిటెడు చొప్పున పోస్తూ, పీల్చుకున్న కొద్దీ మళ్లీ పోస్తూ, 17 లేక 18 నిమిషాలు తిప్పాలి. వారు మొదట కాస్త ద్రాక్షారసం పోస్తారు. మేము వద్దన్నాము, రుచిలో లోటేమీ కనబడలేదు. పొయ్యి మీద నుండి దించిన తరువాతనే 120 గ్రాముల గోర్గోంజోలా ముక్కలు వేసి కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టాలి. ఈ జున్నును మరగబెడితే నెయ్యి వేరు, విరుగు వేరు అవుతుంది. సగం మంచి వంటలు అక్కడే చెడతాయి. ఉప్పు చివరలో, రుచి చూచాకనే. జున్నులోనే కావలసినంత ఉంటుంది. పైన చిదిమిన అక్రోటు పప్పు వేసింది. బంగాళదుంప ఉండలకు, సేమ్యా వంటి వాటికి పాలలో ఈ జున్నును సన్న సెగ మీద కరిగించి పోసినా బాగుంటుందట. మాకు రిజోత్తోయే నచ్చింది.

ఆ మడులకు నీరిచ్చేది కవూర్ కాలువ. 1863 నుండి 1866 వరకు మూడేళ్లలో పో నది నుండి టిచీనో నది దాకా 80 కిలోమీటర్లు దాటిన పొడవున త్రవ్వారు. అంతకుముందే అక్కడి పాత కాలువలను చూచి రమ్మని ఈస్టిండియా కంపెనీవారు బెయర్డ్ స్మిత్ అనే ఇంజనీరును పంపారు. ఆయనే తరువాత కావేరి, కృష్ణ, గోదావరి పనులను గూర్చి కూడా నివేదిక వ్రాశాడు. మన ధవళేశ్వరం ఆనకట్టకు, ఈ మడులకు ఆ విధంగా కొంచెం చుట్టరికం ఉన్నది.

ఆ మడులలో కలుపు తీసినవారిని మొందీనెలు అనేవారు. స్త్రీలే. మే, జూను నెలల్లో దూర జిల్లాల నుండి రైళ్లలో వచ్చి, సుమారు 40 దినాలు మోకాలి లోతు నీటిలో వంగి పనిచేసేవారు. కూలితో పాటు దినానికి ఒక కిలో బియ్యం ఇచ్చేవారు. దినానికి ఎనిమిది గంటల పని అనే నియమాన్ని వారు 1906లో వెర్చెల్లీలో పోరాడి సాధించుకున్నారు. 1960ల తరువాత కలుపు మందులు, యంత్రాలు వచ్చి ఆ పని పోయింది. అవ్వ తల్లి వారిలో ఒకరు. బియ్యం ఇంటికి చేరేదట, జున్ను మాత్రం పండుగకే.

వడ్డన విషయంలో ఆమె చాలా ఖచ్చితం. తినడానికి ఒక గంట ముందు జున్నును ఫ్రిజ్ నుండి తీసి బయట పెట్టాలి. చల్లగా పెడితే ఉప్పు తప్ప ఏ రుచీ తెలియదు. పైనున్న తొక్క తినరు, తీసివేయాలి. త్రిభుజంగా ఉన్న ముక్కను మొన వైపు అడ్డంగా కోయకూడదు. అన్నిటికన్న మెత్తని భాగం మొనలోనే ఉంటుంది. అలా కోస్తే మొదటివానికి మెత్తన, చివరివానికి తొక్క ప్రక్క ముక్క. మొన నుండి తొక్క దాకా నిలువుగా కోస్తే అందరికీ అన్నీ వస్తాయి. ప్రక్కన పండిన బేరిపండు ముక్కలు, అక్రోటులు, ఒక చెంచా తేనె పెట్టింది. బేరిపండుతో జున్ను ఎంత బాగుంటుందో రైతుకు తెలియనివ్వవద్దు అని ఇటలీలో ఒక సామెత ఉన్నది. అందరూ నవ్వుతూనే చెబుతారు. ఆ అవ్వ మాత్రం నవ్వకుండా చెప్పింది, చెప్పి మా పళ్లెంలో ఇంకొక ముక్క పెట్టింది.

గర్భవతులు ఈ మెత్తని నీలి జున్నును పచ్చిగా తినకూడదు. లిస్టీరియా అనే క్రిమి వలన కడుపులోని బిడ్డకు అపాయం రావచ్చు. పొగలు వచ్చేంత బాగా ఉడికిన వంటలో అయితే పరవాలేదని వైద్యులు చెబుతారు. రక్తపోటు ఉన్నవారు ఉప్పును గుర్తుంచుకోవాలి. ఇందులో దూడ రెన్నెట్ ఉన్నది గనుక శాకాహారులైన అతిథులకు ముందే చెప్పి పెట్టడం మర్యాద.

దీనిని జొన్న సంకటి మీద వేసి చూచారా అని మీలో కొందరు తప్పక అడుగుతారు. ఇంటికి వచ్చాక చూచాము. ఫరవాలేదు. అయినా జొన్నకు గోంగూర పచ్చడే సరి, దీనికి మొక్కజొన్నే సరి. హైదరాబాదు వంటి నగరాల్లోని పెద్ద దుకాణాల్లో దిగుమతి అయిన గోర్గోంజోలా దొరుకుతుంది గాని ఖరీదెక్కువ. దోల్చె అని అడిగి, తేదీ చూచి, 150 గ్రాములు తెస్తే నలుగురికి చాలు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, లేకపోతే ఫ్రిజ్‌లోని వెన్నకూ పాలకూ ఆ వాసనే పడుతుంది. మిగిలిన పొలెంటాను పళ్లెంలో పరచి ఆరనిచ్చి, మరుసటి ఉదయం దారంతో ముక్కలు కోసి పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి. దించేటప్పుడు ఒక్కొక్క దాని మీద గోరంత జున్ను పెడితే, పళ్లెం చేరేసరికి కరిగి ఉంటుంది.